మోచేతి దాకా దిగిన చెయ్యి

మొన్న పొద్దున్నే కారం మిల్లు షట్టరు ఎత్తుతుంటే పాస్టరుగారి ఫోను. "బైబిలమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారయ్యా" అన్నారు. సగం ఎత్తిన షట్టరు మళ్లీ దించేశాను. పర్చూరులో నా దగ్గర కారం పట్టించుకునే మీలో చాలామంది ఆమెను చూసే ఉంటారు. తెల్ల చీర, చంకలో గుడ్డ సంచి, అందులో బైబిలు. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసేవారు కాబట్టి ఊరంతా ఆమెను బైబిలమ్మ గారనే పిలిచేది.

తమ వంతు వచ్చేదాకా మిల్లు దగ్గర జనం మాట్లాడుకునేది ఒకటే, లోకం చెడిపోయిందని. ఫోన్లు, తాగుళ్లు, పెద్దల మాట వినని పిల్లలు. ఆమె కాదనేవారు కాదు. మిల్లు మోతకి మించి అరిచి చెప్పేవారు.

"చెడిపోయింది, నిజమే! కానీ మీకెప్పుడూ అది పక్కింట్లోనే మొదలవుద్దేంట్రా? దేవుడు చూడ్డం మొదలెడితే ముందు మన గుమ్మంలోకే వస్తాడు."

నేను ఊరుకుంటానా! "మీ గుమ్మంలో చూడ్డానికి ఏముందండీ అమ్మగారూ, చీపురు తప్ప?"

"నోర్ముయ్యరా! ముందు నీ కాటా చూసుకో."

ఆ గుమ్మం మాటకి అర్థం నాకు ఒక కోత పండగ రోజున తెలిసింది. మా చర్చిలో ఆ రోజు ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. పత్తి, మిరప, గుమ్మడికాయలు, కోళ్లు కూడా. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం. అంతకుముందు బైబిలమ్మ గారు ఒక్కో కానుక మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. అయితే ఆమె పైపైన ఆనించరు. సంచిలోకి మోచేతి దాకా దించుతారు. "అడుగున ఉన్నది కూడా ఆయనదేగా" అనేవారు.

ఆ ఏడు ఎర్రగా నిగనిగలాడే ఒక మిరప సంచి మీదే అందరి కళ్లూ. నేనూ వేలం పాట పాడదామని ముందు వరసలో కూర్చున్నాను. ఆమె చెయ్యి దించారు. ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. పైకి తీసిన గుప్పిట్లో అన్నీ తెల్లబారిన తాలు కాయలు. పైన మంచి సరుకు, అడుగున తాలు. వ్యాపారంలో మాకు కొత్తేం కాదు, దేవుడి ముందు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఆ సంచి ఆమె కొడుకుది. ఆమెకున్నది అతనొక్కడే.

"అమ్మా, వద్దు" అన్నాడతను స్తంభం పక్క నుంచి, చిన్నగా.

గుప్పిట సంచిలోనే విప్పి ఆమెన్ అనేస్తే మేమూ చూడనట్టే ఉందామని తల దించుకున్నాం. ఆమె విప్పలేదు.

"ఈ సంచి వేలం వెయ్యొద్దు. ఇది మా ఇంటిది. ఇన్నాళ్లూ మీ ఇళ్లకొచ్చి ప్రార్థన చేశాను. ఇయ్యాళ మీరు మా ఇంటి కోసం చెయ్యండి." ఆ కాయలు చేతిలో ఉండగానే మోకాళ్ల మీద కూర్చున్నారు.

లోకం చెడిపోతోందని ఎన్నో ప్రసంగాలు విన్నాను. తన ఇంటి పేరు చెప్పి మొదలుపెట్టిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

కొడుకు విసురుగా వెళ్లిపోయాడు. ఒకే ఇంట్లో ఉంటూ తల్లితో మాట మానేశాడు. "ఏమన్నా మాట్లాడుతున్నాడా అమ్మగారూ?" అని అడిగితే, "వండింది తింటున్నాడు, చాల్లే" అనేవారు. చెప్పేటప్పుడు నా వైపు చూసేవారు కాదు.

మరుసటి కోత పండగకి అతనొచ్చాడు. సంచి దించి, మూతి విప్పి, అందరి ముందూ చాప మీద మొత్తం గుమ్మరించాడు.

"పెట్టమ్మా చెయ్యి" అన్నాడు.

అప్పట్నుంచి మా చర్చిలో ఎవరూ కానుకను సంచిలో ఉంచడం లేదు. గుమ్మరిస్తున్నారు.

సమాధి దగ్గర తలా గుప్పెడు మట్టి వేశాం. కొడుకు వంతు వచ్చింది. వేళ్లకు కళ్లంలోని మిరప ఎరుపు ఇంకా వదల్లేదు. నల్లమట్టి తీసుకుని వెంటనే వేయలేదు. అరచేతిలో పరిచి, ఒక్కో గులకరాయీ ఏరి పక్కన పెట్టాడు. వెనక జనం ఆగారు, ఎవరూ తొందరపెట్టలేదు. మెత్తటి మట్టే మిగిలాక వంగి, చెయ్యి మోచేతి దాకా లోపలికి దించి, మెల్లగా వదిలాడు.