ముడుపులో కెంపుల నెక్లెస్సు

తిరుత్తణి మురుగన్ హుండీలో పడింది తిరిగి రాదని మీకు తెలుసు కదా. మొన్న కృత్తిక నాడు, నా అతితెలివి పుణ్యమా అని, మా అక్క అత్తగారి కెంపుల నెక్లెస్సు ఆ హుండీకే బయలుదేరింది. నవ్వకండి, ముందు వినండి.

అంతా ఒక నవల వల్ల వచ్చింది. మా తిరువళ్ళూరు లెండింగ్ లైబ్రరీలో తెలుగు పుస్తకాలు ఒక మూల అరలో మాత్రమే ఉంటాయి. అందులో దొరికింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి ఒక జమీందారు బంగళాలో వజ్రాల హారం కొట్టేసే కథ. భలే సరదాగా ఉందిలెండి. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. పెళ్ళై వెళ్ళిన అక్కకి అరవమే వచ్చు, అమ్మకి అదీ రాదు. కాబట్టి రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని నేను పైకి చదవాలి. పక్కింటి కనకమ్మత్త, ఎదురింటివాళ్ళు కూడా చాపలు తెచ్చుకుని చేరేవాళ్ళు. నవలలో చిన్న చెల్లెలు ఆ హారాన్ని దేవుడి ముందున్న ముడుపులో కట్టేసిన చోట అందరూ పడీ పడీ నవ్వారు. ఇల్లంతా సోదా చేసిన ఇన్‌స్పెక్టరు ఆ ముడుపుకి దండం పెట్టుకుని మరీ వెళ్ళిపోతాడు!

అప్పుడే మా అక్క తిరునిన్రవూరులో ఒక పెళ్ళి చూసుకుని మా ఇంటికి వచ్చింది. పెళ్ళి కోసమని అత్తగారిని అడిగి తెచ్చుకున్న నెక్లెస్సు తీసి, జాగ్రత్తగా పెట్టమని నా చేతికిచ్చింది. మా బీరువా తాళం ఎప్పుడో పాడైపోయింది. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే సామి గూట్లో పసుపుగుడ్డ ముడుపు కనిపించింది. నాకు ఉద్యోగం రావాలని అమ్మ కట్టింది అది. ఉద్యోగం వచ్చి ఏడాది దాటినా, వచ్చే కృత్తికకి చూద్దాంలే అని వాయిదా వేస్తూనే ఉంది. ఇంకేం, ముడి విప్పి, నెక్లెస్సు లోపల పెట్టి మళ్ళీ కట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున తలంటుకుని వచ్చేసరికి గూడు ఖాళీ. ఇవాళ కృత్తిక కదా, అమ్మ ముడుపు తీసుకుని తొలి బండికే తిరుత్తణి పోయిందని అక్క చెప్పింది. నగ లేకుండా అక్క ఏ మొహం పెట్టుకుని అత్తగారింటికి పోతుంది? చెప్పే ధైర్యం లేక, నేనూ కొండకి పోతానన్నాను.

"నీకింత భక్తి యాడ నించి వచ్చె?" అంది అక్క.

జడ కూడా వేసుకోకుండా తిరుపతి ప్యాసింజర్ ఎక్కాను. దిగులు మరిచిపోదామని సంచీలోంచి నవల తీశాను. చివరి అధ్యాయమే మిగిలింది. దొంగలు దొరుకుతారా లేదా అని గబగబా చదువుకుంటూ పోయాను. పుస్తకం మూసి తలెత్తితే బయట బోర్డు మీద పొన్పాడి అని ఉంది. తిరుత్తణి దాటి వచ్చేశాను.

బస్సు పట్టుకుని వెనక్కొచ్చి, మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ మండపంలోకి వెళ్ళాను. అమ్మ ఒక స్తంభానికి ఆనుకుని దొన్నెలో పొంగలి తింటోంది. ముడుపు ఏదని అడిగాను.

"ఏసేసినాను. నీ మొక్కు తీరిపాయె."

అక్కడే కూలబడి ఏడ్చేశాను. అందులో అక్క నగ దాచానని చెప్పాను. అమ్మ తొందరేమీ పడకుండా వేళ్ళు నాక్కుని, పైట కాస్త పక్కకి జరిపింది. కెంపుల నెక్లెస్సు ఆవిడ మెడలో నిగనిగలాడుతోంది.

"ముడుపు ఇంత లావెట్లాయె అని నిన్న దీపం పెట్టేటప్పుడే ఇప్పి చూసినాను. ఈదిలో అందరికీ వినబడేట్టు చదివి, మళ్ళా ఆడనే పెట్టేవాళ్ళు ఉంటారా మే? కనకమ్మ కూడా మన సామి గూట్లోకి తొంగి చూసి పోయింది."

బతికిపోయాననుకున్నాను. అప్పుడు అమ్మ ఇంత ఆలస్యం ఎందుకైందని అడిగింది. రైల్లో నవల చదువుతూ పొన్పాడి దాకా పోయిన సంగతి నోరు జారి చెప్పేశాను. నగ దాచినందుకు రాని కోపం ఇప్పుడు వచ్చింది.

"మేమంతా కాసుకోనుంటే, కడాసి కత నువ్వొక్కదానివే చదివేసినావా?"

ఆ మండపంలోనే కూర్చోబెట్టి చివరి అధ్యాయం మొదటి లైన్ నుంచి చదివించింది. దర్శనానికి వచ్చిన వాళ్ళు కూడా కొందరు చుట్టూ చేరారు.

ఇంటికొచ్చాక, అక్క ఊరెళ్ళేదాకా ఆ నగ ఎక్కడ దాచిందో అమ్మ నాకు చెప్పనే లేదు. చెబితే వాకిట్లో కూర్చుని చదివేస్తానట.