సోలార్ పెట్టెలో అన్నం

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాదే, నాన్న నన్ను రాంగోపాల్‌పేట్‌లో పెద్దమ్మ ఇంట్లో వదిలేసి వెళ్లాడు. అప్పట్లో ఎండాకాలం వచ్చిందంటే ప్రాజెక్టుల్లో నీళ్లు అడుగంటేవి, కరెంటు పూటపూటకీ పోయేది. ఆ చిరాకులో పెద్దనాన్న ఒక సోలార్ కుక్కర్ కొని డాబా మీద పెట్టించాడు. నల్ల రంగు పూసిన పెట్టె, పైన గాజు పలక, దాని వెనక నిలబెట్టిన అద్దం. ఎండకు లోపలి మూత గిన్నెలో అన్నం మెల్లగా ఉడికేది.

వానలు మొదలయ్యాక ఒకరోజు, ఆకలిగా ఉందని పక్కింటి అక్కతో అన్నాను. ఆ మాట సాయంత్రానికల్లా పెద్దమ్మ చెవిన పడింది. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు పొద్దున నన్ను డాబా మీదికి తీసుకెళ్లి పెట్టె చూపించింది.

"నీ బువ్వ గీ పెట్టెల పెట్టిన. ఎండొస్తే ఉడుకుతది, అప్పుడు తిను. మూత తీస్తే ఉడకదు, జెర యాదుంచుకో" అంది.

ఎండ రాలేదు. ముసురు పట్టింది. నేను పెట్టె పక్కనే తడుస్తూ కూర్చుని, మబ్బు కాస్త పలచబడితే చాలు, అద్దాన్ని అటు తిప్పేదాన్ని. కింద ఇంట్లో మాత్రం సంబరంగా ఉంది. వరద వచ్చి ప్రాజెక్టు నిండిందట, ఇక కరెంటు కోతలు ఉండవట. కరెంటు పొయ్యి మీద పెట్టిన తాలింపు వాసన మెట్లెక్కి నా దాకా వచ్చింది.

మధ్యాహ్నం దాటాక పక్కింటి అక్క గోడ మీంచి నన్ను చూసి ఇటు వచ్చింది. పెట్టె తెరిచి, గిన్నె మూత తీసింది. లోపల ఒక్క గింజ కూడా లేదు.

అక్క నా చేయి గట్టిగా పట్టుకుని కిందికి దించింది. "ఏందొదినా ఇది? పిల్లను గిట్ల సతాయిస్తరా?" అని అడిగింది.

పెద్దమ్మ అన్నం కలుపుతూ తలైనా ఎత్తలేదు. "తమాషా చేసిన. నీకంత ప్రేమ, పావురముంటే తీస్కపో. నువ్వే పెంచుకో, సాదుకో."

నా చేతి మీద అక్క పట్టు సడలింది. ఒక్కొక్క వేలే జారిపోయింది. "వాన పెద్దగైతుంది" అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ పూట పెద్దమ్మ నాకు కడుపునిండా అన్నం పెట్టింది. నేను తింటున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

మొన్న తిరుమలగిరిలో మా డాబా మీద సోలార్ పలకలు బిగించడానికి వచ్చినవాళ్ల వెంట ఒక చిన్నపిల్ల వచ్చింది. అన్నం పెట్టాను. తిని, చనువుగా నా చేయి అందుకోబోయింది. నేను వెనక్కి తీసుకున్నాను. సాదుకోలేని పిల్ల చేయి పట్టుకోకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. అది మంచిదో చెడ్డదో ఈ వయసులో కూడా నాకు తేలలేదు.