పది కాపీల ఉత్తరం

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నా వయసు సరిపోదని నాకు తెలుసు. జరిగి ఏడేళ్ళే అయింది. కానీ ఉద్యోగం లేని ఏడాది మిగతా ఏళ్ళకంటే పొడుగ్గా ఉంటుంది కాబట్టి, వెనక్కి తిరిగి చూస్తే అది చాలా దూరాన ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు రెండు రకాల స్నేహితులుండేవారు. నేను చూసినవాళ్ళు, ఎన్నడూ చూడనివాళ్ళు. చూసినవాళ్ళ ముందు నాకు నోరు పెగిలేది కాదు. చూడనివాళ్ళకి మాత్రం పేజీలకి పేజీలు రాసేదాన్ని.

దీనికి కొంత కారణం మా అమ్మ. మాది బోయిగూడలో రెండు గదుల వాటా. తాతగారి కాలంలో కోస్తా వైపు నుంచి వచ్చిన కుటుంబం, అమ్మ స్కూల్లో టీచరు. నా డిగ్రీ అయిన మొదటి ఆదివారమే ఆవిడ చర్చిలో లేచి నిలబడి, “మా అమ్మాయికి మంచి ఉద్యోగం దొరకాలని సంఘమంతా ప్రార్థన చేయండి” అని విన్నపం పెట్టింది. అమ్మ ఉద్దేశం దేవుడికి చెప్పడమే గాని, మధ్యలో చర్చి నిండా జనం విన్నారు. అది మొదలు ప్రతి ఆదివారం ఆరాధన అయిపోగానే చెప్పుల దగ్గర ఎవరో ఒకరు నన్ను పట్టుకుని “వచ్చిందా అమ్మా?” అని అడిగేవారు. రాలేదు అని చెప్పడం ఒక కష్టం. వస్తే ఇంకా కష్టం, ఎందుకంటే అప్పుడు ముందుకెళ్ళి మైకు పట్టుకుని, దేవుడు మేలు చేశాడని సంఘమంతటి ముందూ సాక్ష్యం చెప్పాలి. (కొన్ని ఇంటర్వ్యూల్లో నేను తెలిసిన జవాబులు కూడా మింగెయ్యడానికి ఆ మైకే కారణమేమోనని ఇప్పుడు అనుమానం.)

అందుకే ‘కిటికీ’లో చేరాను. పుస్తకాల గురించి మాట్లాడుకునే చోట ఇంటర్నెట్‌లో పరిచయమైన ఆరుగురం విడిగా పెట్టుకున్న గుంపు అది. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. నేను అక్కడ ‘వెనకబెంచీ’ని. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం చేసే చిన్నక్క మా అందరికీ పెద్ద దిక్కు. గురువుగారని ఒకాయన ఉండేవాడు, మాట్లాడితే సమాసాలే. (ఆయనకి ఇరవై మూడేళ్ళేనని చాలా తర్వాత తెలిసింది. అప్పటికే నేను రెండుసార్లు ఆయన మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగేశాను.) ప్రతి శుక్రవారం ఒక్కొక్కరు ఒక ఉత్తరం రాయాలన్నది మా నియమం. పొట్టి మెసేజీలు పనికిరావు. చక్కగా టైపు చేసి, పీడీఎఫ్ చేసి పంపాలి, ఎందుకంటే చిన్నక్క వాటిని ఆఫీసులో ప్రింటు తీసుకుని ఇంటికెళ్ళే బస్సులో చదివేది. మా అమ్మ పోరు, స్నేహితుల అలకలు, పిలుస్తామని చెప్పి పిలవని ఆఫీసులు, అన్నీ ఆ కిటికీలోంచే బయటికి పోయేవి.

చూసిన స్నేహితుల్లో అసలైనది ఒక్కతే. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది, వాళ్ళ నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. అది వస్తుంటే రెండు వీధుల ముందే వినిపిస్తుంది కాబట్టి కాలేజీలో దాని పేరు ఇంజిన్. ఆ లెక్కన నేను వెనక తగిలించిన పెట్టెని. ఇంటర్వ్యూలకి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. తలుపు దగ్గర నా కాళ్ళు ఆగిపోతే అది వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసేది. “పోవే, లోపల పులేం లేదు. ఉంటే నేనొస్త” అనేది. మా ఇద్దరి రెజ్యూమెలూ మా వీధి చివర జిరాక్స్ అంకుల్ దగ్గరే ప్రింటయ్యేవి. ఫోన్లో ఫైలు పంపిస్తే ఆయన తీసి, పిన్ను కొట్టి, కవర్లో పెట్టి ఉంచేవాడు. మాలో ఎవరు ముందు అటు వెళితే వాళ్ళు రెండోవాళ్ళవి కూడా అడిగి తీసుకోవడం అలవాటు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

ఒక మంగళవారం నేను బస్సులో మారేడ్‌పల్లి మీదుగా వెళుతుంటే స్టాపులో ఇంజిన్ కనిపించింది. మెడలో నీలం తాడు, తాడుకి ఐడీ కార్డు, పక్కన నాకు తెలియని ఇద్దరమ్మాయిలు. నవ్వుతోంది. ఆ నవ్వు బస్సు లోపలికి వినిపించింది. ఆ పొద్దున్నే నాకు “అక్కోళ్ళింట్ల పనుందే, ఈ వారం సుత కలుస్తలేను” అని మెసేజ్ పెట్టిన మనిషి! దానికి ఉద్యోగం వచ్చింది, నాకు చెప్పలేదు. దిగి అడగొచ్చు. ఫోన్ చేసి అడగొచ్చు. నేను ఇంటికెళ్ళి డైరీ తీశాను.

మూడు రోజులు డైరీలో తిట్టుకుని, శుక్రవారం ఆ తిట్లన్నిటినీ కాస్త మర్యాదగా ఎత్తిరాసి కిటికీ మిత్రులకి ఉత్తరం తయారుచేశాను. మూడు పేజీలు. ఇంజిన్ ఎంత గట్టిగా నవ్వుతుందో, నా డబ్బాలో కూర ఎలా ఖాళీ చేస్తుందో, ఇన్నేళ్ళూ నన్ను వెంటేసుకు తిరిగి ఎలా వదిలేసిందో రాసి, చివర ‘ఇంక దానికి నాతో అవసరం లేదు’ అని ముగించాను. ఆ వాక్యం బాగా కుదిరిందని నాలుగుసార్లు చదువుకున్నాను. (బాధలో ఉన్నప్పుడు వాక్యం కుదరడం ఎంత ఓదార్పో డైరీ రాసేవాళ్ళకే తెలుస్తుంది.) మర్నాడు పొద్దున్నే నాకు ఇంటర్వ్యూ ఉంది. స్కూలు పుస్తకాలు అచ్చువేసే చిన్న సంస్థ, ప్రూఫులు దిద్దే పని. నాకు నిజంగా కావాలనిపించిన మొదటి ఉద్యోగం అదే. అందుకని రెజ్యూమె కూడా తాజాగా చేసి, సాయంత్రం నాలుగింటికి ఉత్తరాన్ని కిటికీకి, రెజ్యూమెని జిరాక్స్ అంకుల్‌కి ‘పది కాపీలు’ అని రాసి పంపించాను. పంపించాననే అనుకున్నాను.

ఆరింటికి కిటికీ నుంచి స్పందనలు మొదలయ్యాయి. “ఈసారి చాలా క్లుప్తంగా రాశావు తల్లీ, బస్సులో కన్నీళ్ళు ఆగలేదు” అంది చిన్నక్క. నేను రాసింది మూడు పేజీలు, క్లుప్తమేమిటి అనుకున్నాను. “దరఖాస్తు రూపంలో ఆత్మకథనం! అపూర్వ ప్రయోగం!” అన్నారు గురువుగారు. “‘బలాలు: చక్కగా మాట్లాడగలను’ అన్నచోట ఎంత వ్యంగ్యమో!” అని ఇంకొకరు. చిన్నక్క మళ్ళీ వచ్చి, “ఆ పాత్రకి పెట్టిన పేరు కూడా బాగుందమ్మాయ్” అంది. అది నా అసలు పేరు. అప్పుడు అర్థమైంది. రెజ్యూమె కిటికీకి పోతే, మరి ఉత్తరం ఎక్కడికి పోయింది?

చున్నీ కూడా సరిగ్గా వేసుకోకుండా, చేతికందిన సంచి తగిలించుకుని వీధి చివరికి పరిగెత్తాను. “గింత ఉరికొస్తున్నవేంది బిడ్డా? నీవి నీ దోస్తు తీస్కపోయె గదా” అన్నాడు జిరాక్స్ అంకుల్. “పది కాపీలూనా?” అన్నాను. “పది. పిన్నులు గిట్ల మంచిగ కొట్టిచ్చిన” అని, గొంతు తగ్గించి, “మస్తు రాసినవ్. నేను రెండుసార్లు సదివిన. కాని రెండో పేజీల ఆ పోరిని జెర ఎక్కువనే అన్నవ్” అన్నాడు. “అదెటు వెళ్ళింది?” అన్నాను. ఆయన రోడ్డుకి అవతల వేలు చూపించాడు. అక్కడ ఇంకో జిరాక్స్ షాపుంది, శుక్రవారం తెరవరు. దాని మెట్ల మీద ఇంజిన్ కూర్చుని ఉంది. మెడలో ఐడీ కార్డు, పక్కన దారం కట్టిన మిఠాయి డబ్బా, ఒళ్ళో తొమ్మిది కాపీలు, చేతిలో పదోది, మూడో పేజీ. అది చప్పుడు చెయ్యకుండా ఉండగా చూడటం నాకదే మొదటిసారి.

“కూసో” అంది. కూర్చున్నాను.

“నేను గట్టిగ నవ్వుతనని రాసినవ్. సరే, నవ్వుత. నీ డబ్బాల కూర తింటనని రాసినవ్. ఆంటీ దొండకాయ గట్ల చేస్తే ఎవరన్నా తింటరు. దానికేం పరేషాన్ లేదు.” కాగితం మీద వేలు పెట్టింది. “గీ ఆఖరి ముక్క ఏందే? నాకు నీతోని అవసరం లేదని ఎవరు చెప్పిన్రు నీకు?”

“నువ్వు ఉద్యోగం సంగతి దాచావు” అన్నాను, సగం గొంతుతో.

“దాచిన. నువ్వు ఏడుస్తవని దాచిన. నువ్వు ఏడిస్తే నేను జాయిన్ గాను, నా సంగతి నాకెర్కే. మా నాయిన రిటైరైతున్నడు, జాయిన్ గాకపోతే నడ్వది. రెండు వారాలసంది గిదే తక్లీఫ్. ఇయ్యాల చెప్పేద్దామని మిఠాయి పట్టుకొని మీ ఇంటికే వస్తున్న. దార్ల నీ కాయితాలున్నయేమో అని ఆగిన.” ముక్కు ఎగబీల్చింది. “మొఖం సుత చూడనోళ్ళు ఐదుగురికి చెప్పినవ్. జిరాక్స్ అంకుల్‌కి చెప్పినవ్. నాకొక్కదానికే చెప్పలే.”

 అలవాటుగా నా చెయ్యి సంచిలో పెన్ను కోసం వెళ్ళింది. అది చూసి, “పెన్ను లోపల పెట్టు. నోటితోని చెప్పు” అంది. మూడు పేజీలూ నోటితో చెప్పడం నా వల్ల కాదు కాబట్టి కుదించాను.

“నాకు కుళ్ళొచ్చింది.”

“ఇంకా?”

“భయమేసింది.”

“దేనికి?”

“రేపట్నించి నన్ను లోపలికి ఎవరు తోస్తారని.”

 అది నవ్వింది. మెట్ల కింద పడుకున్న కుక్క లేచి అవతలికి పోయింది. “గీ రెండు ముక్కలకి మూడు పేజీలానే!” అని, నా సంచిలోంచి తనే పెన్ను తీసి, ఆఖరి వాక్యం మీద అడ్డంగా కొట్టి, పక్కన ‘తప్పు’ అని రాసింది. తర్వాత మిఠాయి డబ్బా విప్పాం. ఉద్యోగం తనకొచ్చినందుకు మొదటి ముక్క నేనే దాని నోట్లో పెట్టాను, ఏడ్చుకుంటూనే.

మిఠాయి సగమయ్యాక గుర్తొచ్చింది, రెజ్యూమె ఇంకా ప్రింటు కాలేదని. అంకుల్ దగ్గరికెళితే, “డిగ్రీ పోరగాళ్ళ ప్రాజెక్టులకి కాయితాలన్నీ అయిపోయినయ్ బిడ్డా. రేపు పదింటికి గాని రావు” అన్నాడు. ఇంటర్వ్యూ తొమ్మిదిన్నరకి. ఇంజిన్ ఒక్క క్షణం ఆలోచించి, నా ఉత్తరం కాపీల్లో రెండు కౌంటరు మీద బోర్లా పెట్టింది. “గీటి ఎనక తెల్లగనే ఉంది గదా అంకుల్. పిన్నులు తీసి కొట్టున్రి.” నేను గింజుకున్నాను. “ముందుదే ఎవరు సదవరు, ఎనకది ఎవరు సదువుతరే?” అంది. ఆ మాటకి అంకుల్ కూడా తలూపాడు. నా రెజ్యూమె రెండు పేజీలు, అలా అది నా కుళ్ళు ఉత్తరంలో మొదటి రెండు పేజీల వెనక అచ్చయింది.

మర్నాడు ఇంజిన్‌కి సెలవు. నన్ను తలుపులోంచి తోసి, కింద చాయ్ బండి దగ్గర నిలబడింది. లోపల ఒక పెద్ద వయసు మేడమ్, మెడలో దండలా అద్దాలు. నా కాగితం తీసుకుని ముందువైపు అరనిమిషం చూశారు. తర్వాత వెనక్కి తిప్పారు. జీవితమంతా ప్రూఫులు చూసిన చేతికి కాగితం తిప్పి చూసే అలవాటుంటుందని నేనూ అనుకోలేదు, ఇంజినూ అనుకోలేదు. ఆవిడ అద్దాలు పెట్టుకున్నారు. చదువుతున్నారు. నేను ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. రెండో కాగితం కూడా తిప్పి చదివి, “మూడో పేజీ లేదా?” అన్నారు.

“ఇంట్లో ఉందండి.”

“మరి ఆ అమ్మాయితో మాట్లాడారా?”

“మాట్లాడానండి. కింద ఉంది, చాయ్ తాగుతోంది.”

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి ఒక నవ్వు పైకి వచ్చింది. మేడమ్ ఉలిక్కిపడి, “ఆ అమ్మాయేనా?” అన్నారు. అవునన్నాను. ఆవిడ రెజ్యూమె వైపు చూపిస్తూ, “ఇది ఎక్కడో చూసి రాశారు కదూ?” అని అడిగారు. అవునండి అన్నాను. “వెనకది?” నేనే రాశానండి అన్నాను. “సోమవారం వచ్చి చేరండి” అని, ఆ కాగితాలు ఫైల్లో పెట్టేసుకున్నారు. ఏ వైపు పైకి పెట్టారో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మర్నాడు ఆదివారం, సాక్ష్యం తప్పలేదు. నా వరస వచ్చి కాళ్ళు బిగుసుకుపోయినప్పుడు, చర్చిలో అంతకుముందెన్నడూ అడుగుపెట్టని మనిషి చెయ్యి ఒకటి నా వీపు మీద పడింది. “పోవే, పులి లేదు” అని గుసగుసగా చెప్పాననుకుంది, మూడు వరసలు వెనక్కి తిరిగాయి. మైకులో నేను చెప్పింది రెండు వాక్యాలు. అమ్మకి అవే చాలా ఎక్కువ. ఇదంతా శుక్రవారం ఉత్తరంగా కిటికీలో రాస్తే, చిన్నక్క చదివి, “పోయినవారం దరఖాస్తు కథ బాగుందమ్మాయ్. ఇది అంత నమ్మేలా లేదు” అంది.

కిటికీ మెల్లగా మూతపడింది. ఒకరికి పెళ్ళయింది, గురువుగారికీ ఉద్యోగం వచ్చింది, చిన్నక్క పండగలకి మాత్రం పలకరిస్తుంది. నేను ఇంకా ప్రూఫులు దిద్దుతున్నాను. మొన్న పాత డైరీలు సర్దుతుంటే ఆ మూడో పేజీ బయటపడింది, ‘తప్పు’ అన్న అక్షరాల సిరా కాస్త వెలిసిపోయింది. ముఖం చూడని ఐదుగురికి మూడు పేజీలు రాసి పంపడానికి సిద్ధపడ్డ ఆ పిల్లని, పక్కన కూర్చున్న మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. ఆ వారం ఆఫీసులో నాకేదో మనసు కష్టమైంది. డైరీ తీసి, సగం వాక్యం రాసి, బాగానే కుదురుతోందని తెలిసి కూడా ఆపేశాను. ఫోన్ చేశాను.

“ఏందే,” అంది ఇంజిన్, ఎత్తగానే. “మళ్ళ ఎవరికి రాసినవ్?”

“ఎవరికీ రాయలేదు,” అన్నాను. “నీకే చెబుదామని.”