చింతగింజల గంజి పెట్టిన చేతితొడుగులు

ఈ మధ్య కల్లూరులో మా కూతురింటికి పోతే మంచం నిండా చలి సామాన్లు పరిచి ఉన్నాయి. మా మనవరాలు కాలేజీ పిల్లలతో కలిసి మనాలికి పోతోందట, అక్కడ కాళ్లకు బద్దలు కట్టుకుని మంచు మీద జారడం నేర్పిస్తారట. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఖరీదైనవి దండగని, రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్ల దగ్గర కొన్ని బేరమాడి, మిగిలినవి ఫోన్లో తెప్పించింది: రబ్బరు పూత ఉన్న చేతితొడుగులు, మెడకు తగిలించుకునే గొట్టంలాంటి గుడ్డ, చెవులు మూసే టోపీ, మందపాటి మేజోళ్లు. గదంతా కొత్త చెప్పుల అంగడి వాసన. నేను ఒక తొడుగు తీసుకుని దాని మీద చెంబులో నీళ్లు చల్లి చూశాను. చుక్క ఆగకుండా జారిపోయాయి. "చూసినావా అవ్వా, లోపలికి ఒక్క బొట్టు పోదు" అని ఆ పిల్ల మురిసిపోయింది. "దీనికి గంజేమన్నా పెట్టినారేమ్మే?" అని నేనడిగితే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నవ్వనీ. వాళ్లకేం తెలుసు.

మాది ఆలూరు దాటి ఇంకా పడమరకు పోతే వచ్చే నల్లరేగడి ఊరు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొన్నేళ్లలో నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో, రాజధాని వచ్చింది గానీ మా ఊరికి రోడ్డు మాత్రం రాలేదు. మేం కురువలం, గొర్రెలు కాయడం, కంబళ్లు నేయడం మా ఇంటి పని. ఎండాకాలం ముందర గొర్రెలను వంకలో కడిగి బొచ్చు కత్తిరించేవాళ్లు, ఇంటి అరుగు మీద నల్లటి గుట్టలుగా పోసిన ఆ బొచ్చును ఏకుతుంటే అన్నంలో, పాలలో, మా తలల్లో, కంట్లో అంతటా అదే, జొన్నరొట్టె విరిస్తే అందులోనూ ఒక వెంట్రుక కనిపించేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మా జేజి, అంటే నాయన తల్లి, నడుస్తూ కూడా కదురు తిప్పేది. నీళ్లకు పోయేటప్పుడు, తగువులాడేటప్పుడు, దేవునికి మొక్కేటప్పుడు కూడా ఆమె వేళ్ల నుంచి దారం దిగుతూనే ఉండేది. ఆమె మొగుడు, మా జేజబ్బ, మగ్గం గుంతలో కాళ్లు దింపుకుని కూర్చుంటే మధ్యాహ్నం సంగటి వేళకు గానీ లేచేవాడు కాదు, మాట్లాడితే నోరరిగిపోతుందన్నట్టు ఉండేవాడు.

కంబడికి, అంటే గొంగళికి, ప్రాణం చింతగింజల గంజి. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రోట్లో రుబ్బి, పెద్ద కుండలో ఉడికిస్తే వచ్చే ఆ వగరు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వేయించిన గింజల్లో సగం పిల్లలం దొంగిలించి బుగ్గన పెట్టుకుని పగలంతా చప్పరించేవాళ్లం, పచ్చివి బండ మీద అరగదీసి బారాకట్ట ఆటకు పిక్కలుగా చేసుకునేవాళ్లం, నా పిక్కలు పోయినాయంటే నీ పిక్కలు పోయినాయని జుట్లు పట్టుకునేవాళ్లం. పడుగు దారానికి గంజి పట్టించడం అందరూ చేసేదే. మా జేజబ్బ మాత్రం నేత అయిపోయాక కూడా కంబడికి ఇంకోసారి గంజి పట్టించి ఎండబెట్టేవాడు, తర్వాత దాన్ని నాలుగు గుంజలకు ఊయలలా కట్టి మధ్యలో చెంబెడు నీళ్లు పోసి అన్నానికి పోయేవాడు. తిరిగొచ్చి కింద నేల తడిమి, పొడిగా ఉంటేనే అది సంతకు పోయేది. వానలో, మంచులో, తెల్లవారి పొలం కావలిలో ఆయన కంబడి కప్పుకున్నవాడు తడిశాడని మా చుట్టుపక్కల ఎవరూ అనలేదు.

మా నాయన తమ్ముడు, చిన్నాయన, మా ఇంట్లో మగ్గం వదిలిన మొదటి మనిషి. మిలిటరీలో చేరి కాశ్మీరం పోయాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఎర్రగా నిగనిగలాడుతూ, జేబులో బాదం పప్పులు పెట్టుకుని వచ్చాడు, ఊరంతా మా ఇంట్లోనే. ఈసారి పోతే తనను కొండ మీదికి పంపి, రెండు బద్దలు కాళ్లకు కట్టి, మంచు మీద జారడం నేర్పిస్తారని చెప్పాడు. ఎవరూ నమ్మకపోతే మగ్గం బద్దలు రెండు కాళ్లకు కట్టుకుని, వాకిట్లో నీళ్లు పోసి బురద చేసి జారి చూపించాడు, నడుం విరిగేట్టు పడ్డాడు, జేజి చేతిలో కదురు పడేసి మరీ నవ్వింది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పొద్దస్తమానం పడుతూనే ఉంటారనీ, సర్కారు ఇచ్చే చేతితొడుగులు తడిసిపోతే ఆరేదాకా ఇంకో జత ఉండాలనీ, కొండల వైపు సిపాయిలకు వాళ్ల అమ్మలు అల్లి పంపుతారనీ, తాను మాత్రం అక్కడి అంగట్లో కొనుక్కోవాలనీ మాటల మధ్య అన్నాడు.

జేజబ్బ గుంతలోంచి తల ఎత్తాడు. "మనింట్లో గొర్రెలుండాయి, మగ్గముండాది. నా కొడుకు అంగట్లో కొనాల్నా?" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

చిన్నాయన తిరిగి పోయాక పని మొదలైంది. అల్లడం మాకెవరికీ రాదు, అందుకని మెత్తని గొర్రెపిల్లల బొచ్చు ఏరి జేజి సన్నగా వడికితే, జేజబ్బ దాన్ని గట్టిగా నేసి, మా నాయన చేతిని బొగ్గుతో గుడ్డ మీద గీసుకుని, బొటనవేలు ఒక గదిలో, తక్కిన వేళ్లన్నీ ఒక గదిలో ఉండేట్టు సంచుల్లా కత్తిరించి దబ్బనంతో కుట్టాడు. మెడకు ఒక పట్టీ, చెవులకు ఒక కుచ్చుటోపీ, పాదాలకు చుట్టుకునే పేలికలు కూడా తయారయ్యాయి, వీటన్నిటికీ మాకు ఖర్చయింది సూది, శ్రమ. మంచు అంటే తెల్లవారి జొన్నచేలో కాళ్లు తడిపేది మాకు తెలుసు, ఆదోని సోడా అంగట్లో రంపపు పొట్టులో దాచిన ఐసుగడ్డ తెలుసు. కొండంతా ఐసయితే ఎంత తడి ఉంటుందోనని ఆలోచించి జేజబ్బ ఆ చేతితొడుగులకు ఎప్పటికంటే చిక్కగా గంజి పట్టించాడు. తొడుగు నోరు తెరిచి పట్టుకుని నీళ్లు నింపి గుంజకు వేలాడదీశాడు. కింద ఒక్క చుక్క పడలేదు. ఆ రోజు ఆయన మా అందరి వైపు చూసి నవ్వాడు.

వాటిని పాత పంచెలో చుట్టి కుట్టింది జేజి. ఆలూరు నుంచి టపా తెచ్చే హుసేనప్ప మా ఊరివాడే, మా అరుగు మీదే కూర్చుని పైన ఇంగ్లీషులో చిరునామా రాసి, సంచిలో పెట్టుకుని, "నా చేత్తోనే పోస్టులో ఏస్తా పెద్దప్పా, నువ్వు నిదానంగా ఉండు" అని చెప్పి పోయాడు.

మళ్లీ చిన్నాయన వచ్చింది ఎండాకాలంలో. సెలవుకు కాదు, పూర్తిగా వచ్చేశాడు. కుడిచేతికి బొటనవేలు మాత్రం మిగిలింది, తక్కిన వేళ్లు సగానికి లేవు. మా అమ్మ వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. జేజబ్బ దగ్గరికొచ్చి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, కంబడి అంచు చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "మేం పంపినవి తొడుక్కోలేదేమిరా?" అన్నాడు. చిన్నాయన ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"అందలా నాయనా" అన్నాడు.

అంతే. ఆ మాటతో జేజబ్బకు ఒక దారి దొరికింది. కొడుకు వేళ్లు పోగొట్టింది మంచు కాదు, హుసేనప్ప. ఆ కంబడి సామాన్లు పోస్టులో వేయకుండా ఏ సంతలోనో అమ్ముకున్నాడు. ఇన్నాళ్లూ నోరు విప్పని మనిషి బావి దగ్గర, కళ్లంలో, చావిడిలో ఇదే చెప్పాడు. ఎప్పుడూ మాట్లాడనివాడు మాట్లాడితే ఊరు నమ్ముతుంది. హుసేనప్ప ఖురాను మీద ఒట్టేశాడు, మా ఊరి మారెమ్మ మీద కూడా ఒట్టేశాడు. ఎవరూ వినలేదు. పోస్టాఫీసులో రాసి ఉంటుంది, వచ్చి చూడండని బతిమాలితే, రాసేది కూడా మీవాళ్లే కదా అన్నారు.

నేను ఆ రోజుల్లో చిన్నాయనకు కుడిచేయినైపోయాను. చొక్కా గుండీలు పెట్టేదాన్ని, సంగటి ముద్దలు చేసి పళ్లెంలో వరుసగా పెట్టేదాన్ని, బీడీ ముట్టించేదాన్ని కూడా. ఆయన యాడికి పోతే నేనక్కడ. ఆయన ఎడమచేత్తో నా జుట్టు నిమిరేవాడు గానీ మునుపటిలా నవ్వేవాడు కాదు. కొంతకాలానికి నాకూ నవ్వు తగ్గింది. ఇంట్లో అందరం పని చేసుకుంటూ, తింటూ, పడుకుంటూ ఉండేవాళ్లం. మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు.

వానలు పడ్డాక పీర్ల పండగ వచ్చింది. మా ఊళ్లో అది అందరిదీ. చక్కెర చదివింపులు, బెల్లం పానకం, రొట్టె నలిపి నెయ్యీ బెల్లమూ కలిపిన మలీద ముద్దలు, అలుకు వాసన, సాంబ్రాణి, తప్పెట్ల మోత, గుండం చుట్టూ ఒళ్లు చెమట్లు పట్టేదాకా ఎగిరే మొగవాళ్లు. పెద్ద పీరును ఎత్తుకునేది హుసేనప్ప ఇంటివాళ్లే, తాతల నాటి నుంచీ. ఆ ఏడాది ఆయన స్నానం చేసి, తెల్లబట్టలు కట్టి, పీరు మీద చేయి వేయగానే జేజబ్బ గుంపులోంచి ముందుకొచ్చి, "దొంగోడు మోసేదానికి మేం మొక్కం" అన్నాడు. తప్పెట్లు ఆగిపోయాయి. ఊరి పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, హుసేనప్ప చేతిలోంచి పీరును తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు. ఆయన చేతులు అట్లాగే గాలిలో కాసేపు ఉండిపోయాయి. అది చూసి కూడా నాకు ఏడుపు రాలేదు, మలీద ముద్ద చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మరునాడు పొద్దున చిన్నాయన నన్ను గుండీలు పెట్టమన్నాడు, హుసేనప్ప ఇంటికి పోదాం రమ్మన్నాడు. హుసేనప్ప గడపలో కూర్చుని ఉన్నాడు, లేవలేదు. చిన్నాయన ఆయన ముందర నేల మీద కూర్చుని చెప్పాడు.

"నువ్వు పంపినవి అందినాయప్పా. వాటిని తొడుక్కునే నేను జారినా. పొద్దున్నుంచీ పడతా లేస్తా ఉంటే లోపల చెమటకు, బయట మంచుకు ఆ గంజి మెత్తబడి బంకయింది. సాయంత్రం గాలి కొట్టేసరికి చెక్క మాదిరి బిగుసుకుండె. ఎడమది పండ్లతో పీకేసి చెయ్యి చంకలో పెట్టుకున్యా. కుడిది రాలా. నొప్పి కూడా ల్యా హుసేనప్పా, అదే మోసం చేసె. నొప్పుంటే కత్తితో అప్పుడే కోసుకుందును. కింద డేరాలో కోసి తీసేసరికి వేళ్లు నల్లగా అయిపోయిండె."

చిన్నాయన, "ఇప్పుడే పోయి నాయనకు చెప్తా, ఊరందరికీ చెప్తా" అని లేచాడు.

"కూచో" అన్నాడు హుసేనప్ప. "కొడుకు వేళ్లు నేనే తీసినా అని తెలిస్తే మీ నాయన మళ్లా మగ్గంలో దిగుతాడా? దిగడు. బాయిలో దిగుతాడు. నన్ను తిట్టుకుంటా అన్నా బతకనీ."

లోపలి నుంచి ఆయన పెళ్లాం అరిచింది. "నీకేమయ్యా, పొద్దున లేచి ఆలూరికి పోతావు! బాయికాడ నా బిందె పక్కన బిందె పెట్టేటోళ్లు లేరు ఈడ. నా పిల్లలేం జేసిరి? ఈయప్ప నాయన బతకాల, మేం సావాల్నా?"

ఆమె అన్నదే నిజం. అక్కడున్న ఇద్దరు మగవాళ్లకూ ఆ సంగతి తెలుసు, ఇద్దరూ తలొంచుకున్నారు. ఆమె ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక హుసేనప్ప మాకు చెరో గిన్నెడు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. చిన్నాయన ఇంటికి పోయి ఏమీ చెప్పలేదు. ఈ ఇద్దరిలో ఎవరి మీద నాకు ఎక్కువ కోపమో ఇన్నేళ్ల తర్వాత కూడా తేల్చుకోలేదు.

జేజబ్బ ఇంకా చాలా ఏళ్లు నేశాడు, మునుపటికంటే చిక్కటి గంజితో. హుసేనప్ప ఎదురైతే తల తిప్పుకుని ఉమ్మేవాడు, హుసేనప్ప పక్కకు జరిగి దారి ఇచ్చేవాడు. జేజబ్బ పోయాక, దినాలు అయిన రోజున చిన్నాయన చావిడిలో నిలబడి జరిగిందంతా చెప్పాడు. అందరూ విన్నారు. విని, "మెత్తనోడివి, జాలితో అంటాండావులే. సచ్చిన నాయనను అబద్ధాలకోరును సేస్తావా?" అని కేకలేశారు. ఆ మొండి చేతిని చూపించి ఎంత చెప్పినా అంతే. హుసేనప్ప ఆ మూలనే నిలబడి, వచ్చినట్టే వెళ్లిపోయాడు. పెద్ద పీరు మళ్లీ ఆయన ఇంటికి రాలేదు.

పోయిన నెలలో ఊరికి పోయాను. మా మగ్గం గుంత పూడ్చి ఎవరో స్నానాల గది కట్టుకున్నారు. గొర్రెలు కాసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, బొచ్చును ఎవరూ కొనరని గట్టు మీద పారేస్తున్నారు. వడికేవాళ్లు లేరు, గంజి కాచేవాళ్లు లేరు, చింతగింజలు లారీల్లో ఏదో ఫ్యాక్టరీకి పోతున్నాయట. చిన్నాయన పోయాడు, హుసేనప్ప పోయాడు, ఆ రోజు అరిచి ఏడ్చిన ఆయన పెళ్లామూ పోయింది. బస్సు దిగిన చోట మోటారు సైకిళ్లు బాగుచేసే అంగడి ముందర కూలబడితే, ఆ కుర్రాడు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎవరి ఇంటికని అడిగాడు. నేను చెప్పి, నువ్వెవరి అబ్బాయివి నాయనా అన్నాను.

"నేనా అవ్వా? కంబడిదొంగోళ్ల మనవణ్ణి" అన్నాడు నవ్వుతూ.

ఆ పేరెట్లా వచ్చిందో తెలుసా అంటే, తెలియదన్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఎవరికీ చెప్పనంత నిదానంగా, ఒక్క మాట వదలకుండా. ఆ పేరు ఇకనైనా మానుకోండి నాయనా, మీ తాత దొంగ కాడు అన్నాను. ఆ అబ్బాయి మర్యాదగా అంతా విని, చేతులకంటిన నూనె గుడ్డకు తుడుచుకున్నాడు.

"అట్లనా అవ్వా. ఇప్పుడు మార్చితే కష్టమవ్వా" అన్నాడు. "పార్శిళ్లు తెచ్చేటోళ్లకు ఆ పేరు చెప్తేనే మా ఇల్లు తెలిసేది."