అత్త గది కిటికీకి నేను వేసిన ఫిల్మ్

టీ తాగతా వినండప్పా. మధ్యలో నవ్వి పొరబోయిందంటే నాకు సంబంధం లేదు. ఇంకమీద మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరికీ సలహా ఇచ్చేది లేదని ఒట్టు పెట్టుకున్నా. పోయిన వారం అట్లాంటి పని చేసినా నేను!

సర్జాపుర రోడ్డులో మా ఇల్లు మీరు చూసిందే కదా. మా అత్త ఉండే గది పడమటి దిక్కు. మధ్యాహ్నం భోజనం అయ్యిందంటే చాలు, ఎండ నేరుగా ఆమె మంచం మీదే. ఏసీ పెట్టిద్దామంటే అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కూడా కొట్టనీడు. పోయిన ఆదివారం చూస్తే అత్త సంచి సర్దుకుంటా ఉండాది. "రేణుకా, ఎండలు తగ్గినాక మళ్లీ వస్తాలేమ్మా. హిందూపురంలో మన మట్టి మిద్దె ఇల్లు రోంత చల్లగా ఉంటాది" అనింది.

అత్త పోతే మా పాపని ఎవరు చూసేది? నా ఆఫీసు మీటింగులు ఏం గానూ? స్వార్థమే, ఒప్పుకుంటా. కానీ అదొక్కటే కాదప్పా. సాయంత్రం ఆమె కాఫీ కలిపి "రామ్మా, కంప్యూటర్ ముయ్యి" అని పిలవకపోతే నాకు ఇల్లు ఇల్లు మాదిరి ఉండదు. అందుకే, "అత్తా, ఒక్క వారం ఆగు. నీ గదిని ఊటీ చేసేస్తా" అని మాటిచ్చినా.

వెంటనే ఆన్‌లైన్‌లో విండో ఫిల్మ్ ఆర్డర్ చేసినా. వెలుతురు వస్తాది, వేడి రాదు అని రాసిండాది. మా ఆయన, "మనిషిని పిలిపిద్దాం లే" అన్నాడు. "ఊరుకో, సుమ్నె ఉండు. సోపు నీళ్లు కొట్టి అతికించేదానికి మనిషెందుకు?" అన్నా. వీడియో కూడా చూసినా. అంటే, సగం చూసినా!

ప్యాకెట్ విప్పితే ఒకదానికొకటి అంటుకుని రెండు షీట్లు ఉండాయి. ఒకటి నీళ్ల మాదిరి తెల్లగా, శుభ్రంగా. ఇంకోటి పొగ పట్టినట్లు మసకగా. మురికి పట్టిండేది పైకవరు, శుభ్రంగా ఉండేది ఫిల్మ్ అని తీర్మానం చేసేసి, మసకదాన్ని చుట్టి బాల్కనీలో పడేసినా. స్టూలెక్కి, నడుం పట్టుకుని, సోపు నీళ్లు కొట్టి తెల్లదాన్ని అతికించినా. మూలలు లేస్తా ఉంటే సెల్లోటేపు కూడా వేసినా. ఫిల్మ్‌కి సెల్లోటేపు ఎందుకబ్బా అని ఒక్క క్షణమన్నా అనుమానం రావాల కదా? రాలేదు!

మరుసటి రోజు సాయంత్రం, "ఎట్లుంది అత్తా?" అన్నా.

"చల్లగా ఉండాదమ్మా. సుఖంగా నిద్ర పట్టింది."

అంతే! ఫోటో తీసి గ్రూపులో పెట్టినా. "ఫుల్ డిఫరెన్స్! మా అత్తగారు సూపర్ హ్యాపీ! లింక్ కింద ఉంది." చప్పట్లే చప్పట్లు. కింద ఫ్లోర్ సుధక్క అప్పటికప్పుడే ఆర్డర్ పెట్టేసింది.

ఈలోగా అత్తకి వేరే దిగులు. టెర్రస్ మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టింది, అవి ఎండేదే లేదు. "మీ బెంగుళూరు ఎండలో సత్తువ లేదమ్మా" అంటాది. "గదిలోనూ చల్లగా, టెర్రస్ మీదా చల్లగా. వెదర్ మారినట్లుంది అత్తా" అన్నా నేను. ఇంజనీరింగ్ చదివినదాన్ని!

శుక్రవారం సుధక్క తన పార్సెల్ పట్టుకుని వచ్చింది. "రేణుకా, ఇందులో రెండు షీట్లు ఉండాయి. ఏది అతికించేది?"

"తెల్లది. మసకది పారేయండక్కా" అన్నా, టీచరమ్మ మాదిరి.

ఆమె డబ్బా మీద బొమ్మ చూసింది. మా కిటికీ చూసింది. నన్ను చూసింది. "అయ్యో, ఉల్టా చేసినావు కదే! తెల్లది పీకి పారేయమని వేసిండాడు. మసకదే ఫిల్మ్!"

బాల్కనీకి ఉరికినా. నేను పడేసిన ఫిల్మ్ చుట్ట లేదు!

"అత్తా, ఇక్కడ ఒక ప్లాస్టిక్ పట్ట పడేసింటి, చూస్తివా?"

"అదా? మంచి పట్ట, పారేసేదానికి మనసు రాలేదు. పావురాలు రాకుండా వడియాల మీద కప్పినా."

ముగ్గురం టెర్రస్ మీదికి పోయినాం. ఇటుకరాళ్ల మీద పందిరి మాదిరి పరిచిండాది నా ఫిల్మ్! అంచు దాటి బయట ఉండే వడియాలు గలగలా ఎండినాయి. దాని కింద ఉండేవి మెత్తగా, హాయిగా పడుకోనుండాయి. సుధక్క నవ్వి నవ్వి నీళ్ల ట్యాంకు పట్టుకుని కూర్చునేసింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "అత్తా, మరి గది చల్లగా ఉండాదంటివి కదా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మధ్యాహ్నం వంటింట్లో బండల మీద పడుకుంటాంటి. నీ మీటింగ్ అయ్యేటప్పటికి లేచి గదిలోకి వస్తాంటి. నడుం నొప్పితో స్టూలెక్కి అంత కష్టపడితివి. కాల్తాండాదని ఏ నోటితో చెప్పేదమ్మా?"

కళ్లలో నీళ్లు తిరిగినాయప్పా! మా అమ్మ అయ్యింటే ఆ రోజే "ఏం అతికించినావే, నీ మొహం" అని తిట్టేసింటాది. ఊరికి పోతానన్న మనిషి, నేను చిన్నబుచ్చుకుంటానని ఆ బండల మీద పడుకుంది. సుధక్క చూస్తాందని కూడా చూడకుండా గట్టిగా వాటేసుకున్నా. ఏ జన్మలో పుణ్యం చేసినానో!

ఫిల్మ్ కడుక్కొచ్చి, ఈసారి సుధక్క దగ్గరుండి చెప్తా ఉంటే అతికించినా. మరుసటి మధ్యాహ్నం నేనే పోయి అత్త మంచం మీద పడుకుని టెస్ట్ చేసినా. ఆమె ఇచ్చే సర్టిఫికెట్ నమ్మేది లేదింక. నిజంగానే తేడా ఉండాది! సాయంత్రానికి అత్త సంచిలో చీరలన్నీ మళ్లీ బీరువాలోకి వచ్చేసినాయి.

గ్రూపులో నిజం చెప్పాల కదా మరి. ఆ లింక్ కిందనే రాసినా: "ఫ్రెండ్స్, మసకదే ఫిల్మ్. తెల్లది పారేయండి. ఇట్లు, వడియాలని నీడన పెట్టి అత్తని ఎండబెట్టిన కోడలు."