విల్గా దగ్గర రైలు దారి ఎందుకు వంగింది

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, ఫిబ్రవరిలో, అంటే ఇక్కడి వేసవిలో, పారమట్టాలోని మా డిజైన్ ఆఫీసు నన్ను విల్గా లైనుకు చెకింగ్ ఇంజనీరుగా వేసింది. చెకింగ్ ఇంజనీరు గీతలు గీయడు. ఇంకొకరు గీసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడేదాకా సైటులో పార కూడా కదలదు. అందుకే ఈ మనిషిని ఆఫీసులో ఎవరూ ఇష్టపడరు. నాకు మాత్రం ఆ పనంటే ప్రాణం.

విల్గా లైను గోధుమ మైదానాల్లో సాగే పాత ఒంటి లైను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీర్లు తమ పల్లె లైన్ల పద్ధతిలోనే, ఇటుక స్టేషన్లతో సహా వేశారు. కొండ దిగాక దారంతా తిన్నగా పోతుంది. విల్గా ముందు మాత్రం పెద్ద వంపు తిరిగి, ఊరిని తాకి, మళ్లీ తిన్నగా సాగుతుంది. పూర్వం ఎవరో గొర్రెల ఆసామి తన ఉన్ని కొట్టం దగ్గరికి రైలును లాక్కున్నాడని అందరూ చెప్పుకునే కథ. మా ఆఫీసులో ఆ కథ చెప్పి నవ్వనివాడు లేడు.

ఆ వంపు తీసేసి తిన్నగా కొత్త దారి వేయాలన్నది ప్లాను. రైలు వేగం పెరుగుతుంది, విల్గా స్టేషను మూతపడుతుంది. గీసింది స్రవంతి. వరంగల్ నుంచి ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన అమ్మాయి. తను సొంతంగా గీసిన మొదటి దారి అదే.

నడిచి చూశాకే సంతకం అన్నాను. ఒకప్పుడు గుంటూరు వైపు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా, అంటే పట్టాలకు జవాబుదారీగా పనిచేసినప్పుడు పట్టిన అలవాటది.

“డ్రోన్ సర్వే ఉంది కదా రఫీ అంకుల్! ఈ ఎండల నడుసుడెందుకు? హోల్ డే వేస్ట్,” అంది స్రవంతి. అన్నదే గానీ, బూట్లు వేసుకుని నా వెంట వచ్చింది.

మేం విల్గా చేరేసరికి మార్గరెట్ గారనే పెద్దావిడ రైలు దిగుతున్నారు. చూపు మందగించి కారు నడపడం మానేశారు. భర్త లైను చివరి పట్నంలో వృద్ధాశ్రమంలో ఉన్నాడు. మేమెవరమో తెలిశాక, ఈ రైలు పోతే ఆయన్ని చూడటం పోయినట్టేనని మొహం మీదే అన్నారు. స్రవంతి తల దించుకుంది. నాకూ మనసు చివుక్కుమంది. కానీ జాలిపడి సంతకం ఆపడం మా వృత్తిలో లేదు.

అంత మాట అన్నావిడే మమ్మల్ని టీకి పిలిచారు. ఇల్లు పట్టాలకు అవతల, పల్లపు వైపు. గోడల నిండా బీటలు. వెనక తలుపు ఓ పక్కకు ఒరిగి వేలాడుతోంది. వాన పడితే ఇది బిగుసుకుంటుంది, ఎండలకు వదులవుతుంది, ఈ వైపు ఇళ్లన్నీ ఇంతే అన్నారావిడ. నేను కప్పు కింద పెట్టేశాను. స్టేషను దీనికన్నా ఎంతో పాతది, దాని గోడకు ఒక్క గీత లేదు!

సెలవు తీసుకుని, కొత్త దారి పడబోయే పొలంలోకి నడిచాం. నేల నల్లగా నెర్రెలు విచ్చి ఉంది. ఒక నెర్రెలో నా చేతికర్ర పెడితే పిడి దాకా దిగింది. స్రవంతి వంగి ఓ పెళ్ల తీసి చేతిలో నలిపి చూసింది.

“అయ్యో అంకుల్, ఇది మా రేగడే! మా బాపు కట్టిన ఇంటి గోడ గిట్లనే పగిలింది.”

నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద పట్టాలు వేస్తే వానలకు లేస్తాయి, ఎండలకు కుంగుతాయి. మావాళ్లు వంతెనల దగ్గర మాత్రమే మట్టి పరీక్ష చేయించి, మిగతాదంతా పాత లైను కింద ఉన్న ఎర్ర గరుసే అనుకున్నారు. పాతవాళ్లు ఆ గరుసు మిట్టను వదలకుండా ఉండేందుకే దారిని వంచారు. ఆసామి కోసం రైలు వంగలేదు. రైలు వంగిన చోట గట్టి నేల చూసి కొట్టమూ ఊరూ వెలిశాయి.

పొలంలో గుంటలు తవ్వి చూస్తేగానీ సంతకం పెట్టనన్నాను. మేనేజరు మండిపడ్డాడు. తవ్వాక ఎంత లోతుకు పోయినా రేగడే. మీటింగులో నేను నోరు తెరవకముందే స్రవంతి లేచి, “నా దారి నేనే వెనక్కి తీసుకుంటున్నా,” అంది. శభాష్ అనుకున్నాను. తర్వాత పాత వంపులోనే పట్టాల కింద కొత్త స్లీపర్లు, అంటే అడ్డదిమ్మెలు, వేయించి క్యాంట్ పెంచాం. వంపులో బయటి పట్టాను లోపలి పట్టాకన్నా ఎత్తుగా ఉంచడాన్ని క్యాంట్ అంటారు. అనుకున్నంత కాకపోయినా వేగం పెరిగింది.

నేను నేర్చుకున్నది ఇంతే. పాతవాళ్లు దారిని వంచి ఉంటే, వాళ్లను వెక్కిరించే ముందు అక్కడికి వెళ్లి నేల మీద నిలబడి చూడాలి. మార్గరెట్ గారి వెనక తలుపు ఇప్పటికీ సరిగ్గా పడదు. రైలు మాత్రం ఆవిడ కోసం ఆగుతోంది.