మామా చదివిన పెదాలు

కువైట్‌లోని జహ్రాలో నేను పనిచేసే ఇంట్లో పెద్దావిడకి చెవులు వినపడవు. ఆరేళ్ల వయసులో జ్వరం వచ్చి పోయాయట. నన్ను ఆవిడ కోసమే పెట్టుకున్నారు. కోనసీమలో నర్సింగు చదివి, రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు పనిచేసి, ఇంటి పని వీసా మీద ఇక్కడికి వచ్చాను. షుగరు చూడటం, ఇన్సులిన్ ఇవ్వడం, స్నానం చేయించడం, నమాజు వేళకి కుర్చీలో కూర్చోబెట్టడం నా పని. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు, ఆ ఇంటి కోడల్ని కూడా అలాగే పిలవాలి. కానీ నేను మామా అన్నానంటే ఈ పెద్దావిడే.

మాటలకి మాకు మొదటి నుంచీ ఇబ్బంది లేదు. మామా చిన్నతనం బొంబాయిలో గడిచింది. వాళ్ల నాన్నకి అక్కడ ఖర్జూరాల వ్యాపారం, ముత్యాల వ్యాపారం ఉండేవి. చెవులు పోకముందే ఆవిడకి అరబ్బీతో పాటు హిందుస్తానీ వచ్చేసింది. చెవులు పోయాక రెండు భాషల్నీ ఎదుటివాళ్ల పెదాల మీద చదవడం నేర్చుకుంది. నేను గొంతు పెట్టకుండా హిందీలో పెదాలు కదిపితే ఆవిడకి చాలు. గది బయట నుంచి వెళ్లేవాళ్లకి ఆవిడ గొంతు ఒక్కటే వినపడేది. ఎవరితో మాట్లాడుతోందా అని తొంగిచూసేవాళ్లు.

ఆవిడ గదిలో బీరువా పక్కన ఒక ప్రొజెక్టరు, రేకు డబ్బాల్లో కొన్ని సినిమా రీళ్లు ఉండేవి. అన్నీ మాటల్లేని సినిమాలు. కొన్ని వాళ్ల నాన్న తీసినవి: పాత కువైట్ రేవు, పడవలు, మట్టిగోడల వీధులు. ఒకటి మాత్రం బొంబాయిలో తయారైన కథాచిత్రం. మొదలూ చివరా లేవు, మధ్య ముక్క మాత్రం ఉంది. గుర్రం మీద తిరిగే ఒక రాణి కథ. మాట్లాడే సినిమాలొచ్చాక పాతవాటిని అడిగేవాడు లేక తుక్కు కింద అమ్మేశారట. ఇంట్లో అందరూ పాటల సినిమాలకి వెళ్తుంటే చెవుల్లేని కూతురు ఒక్కతే మిగిలిపోయిందని, ఆ తండ్రి తుక్కులోంచి ఈ రీళ్లు ఏరి, చేత్తో తిప్పే ప్రొజెక్టరుతో సహా కొనుక్కొచ్చాడు.

సాయంత్రాలు నేను తెర దించి ప్రొజెక్టరు తిప్పేదాన్ని. మొదట్లో నా చెయ్యి ఒక వేగంలో నిలిచేది కాదు. రాణి పరుగెత్తేది, మళ్లీ నీరసపడేది. మామా నవ్వేది. కథ నాకు సీన్ల మధ్య తెర మీద కనిపించే కార్డుల్లో ఇంగ్లీషులో, హిందీలో రాసిన మాటల్ని బట్టి అర్థమయ్యేది. మామా కార్డులు చదివేది కాదు. రాణి పెదాలు చదివేది.

సేనాపతి రాణి చెయ్యి పట్టుకుని ఈడ్చే చోట కార్డు మీద, నా ప్రాణం పోయినా నీ వశం కాను అని ఉంటుంది. మామా నా మోకాలు తట్టి, "ఆవిడ అలా అనలేదు. గాజు గుచ్చుకుంటోంది, మెల్లగా పట్టుకో అంటోంది" అంది. చచ్చిపోయిన బిడ్డని ఒళ్లో పెట్టుకుని ఏడ్చే చోట, "వీణ్ని నీడకి తీసుకెళ్లండి, ఎండకి రెప్పలు కదలకుండా ఉంచలేకపోతున్నాడు" అంటోందట. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత అదే సీను వచ్చినప్పుడల్లా ఆ పసివాడి కళ్లే చూసేదాన్ని. నిజంగానే వాడు రెప్పలు బిగపట్టుకుని ఉన్నాడు. ఒక్కో సాయంత్రం ఒక్కో కొత్త మాట దొరికేది. నేను మరీ వేగంగా తిప్పితే, ఈ చోటు మళ్లీ చూద్దాం, రేపు మెల్లగా తిప్పు అనేది.

మామా మనవరాలు యూనివర్సిటీలో చదువుతోంది. ఆ పిల్ల రీళ్ల ఫోటోలు తీసి మన దేశంలో పాత సినిమాలు భద్రపరిచే ఒక ఆర్కైవుకి పంపింది. కొన్నాళ్లకి అక్కణ్నించి ఒక మేడమ్ వచ్చారు. డబ్బా మూత తీయగానే గదంతా వెనిగర్ వాసన కమ్మింది. ఫిల్ము కుళ్లడం మొదలైతే ఆ వాసన వస్తుందని ఆవిడ చెప్పారు. రాణి రీలుని వెలుతురుకి పట్టుకుని ఒక్కో బొమ్మా చూశారు. ఆ కాలపు సినిమాలు చాలామటుకు మిగల్లేదనీ, ఇది ఇంకెక్కడా ఉన్నట్టు తనకి తెలియదనీ అన్నారు. తర్వాత అంచుల్లో ప్రొజెక్టరు పళ్లు పట్టుకునే బెజ్జాలు చూపించారు. కొన్ని చిరిగి ఉన్నాయి.

"దీన్ని ఇంకొక్కసారి కూడా తిప్పకూడదు" అన్నారు నాతో. "కాగితాలు పూర్తయి మా దగ్గరికి వచ్చేదాకా మీరే చూసుకోవాలి."

నాకు తెల్లటి నూలు గ్లవుజులు ఇచ్చారు. డబ్బాలు ఎలా పట్టుకోవాలో, ఏ గది చల్లగా ఉంటుందో, ఎలా పడుకోబెట్టాలో చూపించారు. ఆ రోజు నాకు ఎంత గొప్పగా అనిపించిందో! మేడమ్ మామాని కూడా మనవరాలి ద్వారా కొన్ని ప్రశ్నలు అడిగారు. ఎక్కడ కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఇంకా డబ్బాలు ఉండేవా అని. మామా అన్నిటికీ జవాబు చెప్పింది. పెదాల సంగతి ఎవరూ అడగలేదు. నేను ఆ పక్కనే గ్లవుజులు పట్టుకుని నిలబడి ఉన్నాను.

నేనెందుకు చెప్పలేదు? అది మా ఇద్దరి ఆట, చరిత్ర ఏముంది అందులో అనుకున్నాననేది సగం నిజం. మిగతా సగం ఆ చిరిగిన బెజ్జాలు. ఆ మాట ఎత్తితే రోజూ రీలు తిప్పింది నేనేనని ఆవిడకి తెలిసిపోతుంది.

రీళ్లు ఇవ్వడానికి మామా ఒప్పుకుంది. కానీ ఆ సాయంత్రం మామూలుగా కుర్చీ తెర వైపు తిప్పుకుని కూర్చుంది. అవి వెళ్లేదాకా చూస్తాను, యల్లా, కానివ్వు, తిప్పు అంది. ఇంక తిప్పకూడదని చెబితే, నా రీలు, మా నాన్న నాకోసం కొన్నది, తిప్పు అంటుందని నాకు తెలుసు. అందుకే మెషీన్ పాడైపోయింది మామా అన్నాను. ఆవిడ నా పెదాల వైపే చూసి తల ఊపింది.

మర్నాడు మెషీన్ బాగుచేయించుకు రమ్మని డ్రైవర్ని సిటీకి పంపింది. అతనిది జగిత్యాల వైపు. నన్ను అక్కా అంటాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో మెషీన్ దించాడు.

"అక్కా, మిషన్ మంచిగనే ఉంది. దుకాణపాయన తిప్పి సూపిచ్చిండు. ఏం ఖరాబ్ కాలే."

విషయం చెప్పి, అందులో ఏదో పార్టు దొరకలేదని మామాకి చెప్పమన్నాను. అతను ఒప్పుకోలేదు.

"గంత ముసలామెకు నేను అబద్ధం జెప్పుడా? ఒక్కసారి తిప్పితే ఏమైతదక్కా?"

"ఒక్కసారితో ఆగదు తమ్ముడూ. రేపూ అడుగుతారు, ఎల్లుండీ అడుగుతారు. ఆ రీలు మళ్లీ దొరకదంట."

చివరికి అతను నాతో పాటు గదిలోకి వచ్చి, "పార్ట్ మాఫీ మామా, ఖలాస్" అని వచ్చీరాని అరబ్బీలో పార్టు లేదన్నాడు. మామా అతని పెదాలు చూసింది, తర్వాత నావి చూసింది. సరేనంది. ఆ తర్వాత చాలా రోజులు అతను నాతో పని ఉంటే తప్ప మాట్లాడలేదు.

సాయంత్రాలు మామా ఖాళీ తెర ముందు కూర్చునేది. ఒకసారి రాణి డబ్బా తెమ్మంది. తెచ్చి ఒళ్లో పెట్టాను. మూత కొంచెం తీసి వాసన చూసి, మళ్లీ మూసి ఇచ్చేసింది. నేను గ్లవుజులు వేసుకుని అందుకున్నాను. ఆ గ్లవుజుల వైపు ఆవిడ చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు. చేతికి ఏమైంది నీకు అని అడిగింది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఇదంతా చెప్పీ ప్రయోజనం లేదు. మామా కంటి రిపోర్టులు నా దగ్గరే ఉండేవి. షుగరు వల్ల కంటి లోపల రక్తం చిమ్ముతోందనీ, ఇంజెక్షన్లు వేస్తున్నా ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేమనీ డాక్టరు చెప్పింది నాతోనే. ఆ కళ్లకి మిగిలిన గడువు ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు. ఫిల్ము కుళ్లిపోతోందని కంగారుపడి దాన్ని చల్లటి గదిలో పడుకోబెట్టాను. కళ్ల విషయంలో మాత్రం ఇంకా టైముందిలే అనుకున్నాను.

రంజాను ముందు డబ్బాలు వెళ్లిపోయాయి. ఎండలు ముదిరేసరికి మామాకి ఒక కన్ను పోయింది. రెండోదానికి ఆపరేషన్ చేసినా వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియలేదు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి కొత్త దారి వెతుక్కున్నాం. నేను మెల్లగా మాట్లాడుతుంటే ఆవిడ నా పెదాల మీద వేళ్లు పెట్టి చదివేది. అన్నం, ఇంజెక్షను, నమాజు లాంటివి త్వరగానే అందేవి. మిగతావి ఒకటికి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఇంట్లోవాళ్లకి అంత ఓపిక ఉండేది కాదు.

ఆర్కైవు నుంచి రాణి సినిమా కాపీ వచ్చింది. హాల్లో పెద్ద టీవీలో ఇంటిల్లిపాదీ చూశారు. గీతలూ మరకలూ లేకుండా రాణి నగలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉంది. పిల్లలు ఫోన్లలో తీసుకున్నారు. మామా మధ్యలో కూర్చుని, ఎవరో భుజం తట్టినప్పుడల్లా నవ్వింది. మేడమ్ వీడియో కాల్లో ఉన్నారు. రీళ్లని జాగ్రత్తగా చూసుకున్నందుకు అందరి ముందూ నాకు థాంక్స్ చెప్పారు.

ఆ థాంక్స్ నాకు మింగుడుపడలేదు. ఫోను వంటింట్లోకి తీసుకెళ్లి పెదాల సంగతి చెప్పేశాను. రోజూ రీలు తిప్పింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ రెండోదాన్ని పట్టించుకోలేదు.

"ఎన్ని సీన్లలో చదివారు?"

"దాదాపు అన్నిట్లోనూ."

"మీకెన్ని గుర్తున్నాయి?"

గాజు మాట, ఎండ మాట, ఇంకో రెండు మూడు చెప్పాను. అంతకుమించి రాలేదు. మేడమ్ కళ్లజోడు తీసేశారు. "నేను ఆవిడ ఎదురుగా కూర్చుని డబ్బాల గురించి అడిగాను" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్న మామాకి జుట్టు దువ్వాక, ఆవిడ వేళ్లు తీసుకుని నా పెదాల మీద పెట్టుకున్నాను. మెషీన్ పాడవలేదు మామా, నేను అబద్ధం చెప్పాను అన్నాను. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.  మామా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

కొన్ని రోజులు ఆ వేళ్లు మళ్లీ నా మొహం దగ్గరికి రాలేదు. ఇన్సులిన్ వేళకి చెయ్యి చాపేది, అంతే. ముద్ద నోటి దగ్గరికి తెస్తే తినేది. తినక ఏం చేస్తుంది? క్షమించమని అడిగే ధైర్యం కూడా నాకు అందుకే రాలేదు. నా చేతి మీద ఆధారపడిన మనిషి కాదనగలదా?

ఒక సాయంత్రం తనే చెయ్యి చాపి నా గడ్డం వెతుక్కుంది. "పెట్టు" అంది. ఏం పెట్టమంటోందో నాకు వెంటనే అర్థం కాలేదు. రాణిని పెట్టమంది. ఫోన్లో కాపీ పెట్టి, ఇప్పుడు గుర్రం ఎక్కుతోంది, ఇప్పుడు సేనాపతి వచ్చాడు అని వేళ్ల కింద చెప్పసాగాను. కాసేపటికి మామా తన జ్ఞాపకంలోంచి రాణి మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. నేను ఇంకో ఫోన్లో రికార్డు చేశాను. ఇప్పుడు చాలా సాయంత్రాలు ఇలాగే గడుస్తున్నాయి. మెషీన్ మాట ఆవిడ ఎత్తదు, నేనూ ఎత్తను.

ఆ రికార్డింగులు మేడమ్‌కి పంపుతున్నాను. ఆవిడ ఒక్కో మాటా సినిమాతో సరిచూసుకుంటున్నారు. కొన్ని సరిపోతున్నాయి. కొన్ని ఏ సీనుకీ అతకడం లేదు. మొన్న ఒకదాని గురించి అడిగారు. రాణి గుర్రం మీద కదలకుండా ఎదురుచూసే చోట, "ఇంకా ఎంతసేపు ఇలా కూర్చోబెడతారు?" అని మామా గొంతు ఉంది. ఇది రాణి అన్నదా, మామా అన్నదా అని మేడమ్ ప్రశ్న. మామాని అడిగితే చెబుతుంది. నేనింకా అడగలేదు.